రెడ్డెమ్మ కుడిచెయ్యి

2003 జూన్ మొదట్లో నన్ను ఎముకల వార్డు నుంచి గుండెజబ్బుల విభాగానికి మార్చారు. తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రిలో అప్పటికి పధ్నాలుగేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. నా పైన మా విభాగాధిపతి ఒకాయన, కింద ఇద్దరు జూనియర్లు. విరిగిన కాళ్లూ చేతులూ చూసిన అలవాటున్న నాకు గుండె వార్డులో ఏం పని ఉంటుందో మొదట అర్థం కాలేదు. వెళ్లాక తెలిసింది, అక్కడ కూడా నన్ను పిలిచింది చేతుల కోసమేనని.

అంతవరకూ గుండె రక్తనాళాల్లో అడ్డు తొలగించాలంటే గజ్జల దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపేవారు. తర్వాత రోగి కాలు కదపకుండా, తొడ మీద ఇసుక సంచి బరువుతో ఒక పగలూ రాత్రీ వెల్లకిలా పడుకోవాలి. నడుంనొప్పితో పెద్దవాళ్లు చాలా అవస్థ పడేవారట. ఆ ఏడు మా కార్డియాలజీ ప్రొఫెసరు మణికట్టులోని నాళం గుండా ఆ పని చేయడం మొదలుపెట్టారు. పని అయ్యాక మణికట్టుకి గట్టిగా పట్టీ వేస్తారు, కొన్ని గంటల్లో తీస్తారు. రోగి అదే సాయంత్రం లేచి కూర్చుని ఇడ్లీ తినగలడు. అయితే ఆ చేతిని మొదటిరోజు వంచకూడదు, వారం పాటు బరువు ఎత్తకూడదు. పట్టీ తీసిన మర్నాటి నుంచి మాత్రం వేళ్లు ముడవడం, విప్పడం, మణికట్టు మెల్లగా తిప్పడం చేయాలి. చేస్తే వాపు రాదు, కీళ్లు బిగుసుకోవు. ఆ కసరత్తు నేర్పించడం నా డ్యూటీ.

ప్రొఫెసరుగారు రోగులకి ఇవ్వడానికి తెలుగులో ఒక కాగితం రాసి ఇమ్మన్నారు. రాశాను. మణికట్టు వంచకూడదు, బరువు ఎత్తకూడదు, చెయ్యి కదిలించకుండా దిండు మీద పెట్టుకోవాలి, రక్తం వస్తే గట్టిగా నొక్కి పట్టి వెంటనే ఆసుపత్రికి రావాలి. అక్షరాలు పెద్దవిగా, తప్పుల్లేకుండా టైపు చేయించి జిరాక్సులు తీయించాను. ఎప్పటినుంచి కదిలించాలి, ఎలా కదిలించాలి అన్నది మంచం పక్కన నిలబడి నేనే నోటితో చెప్పేదాన్ని, చేసి చూపించేదాన్ని. చూపిస్తే వచ్చేదాన్ని కాగితంలో ఇరికించడం ఎందుకనుకున్నాను. నా పనితనం మీద నాకున్న నమ్మకం అలాంటిది.

ఆగస్టు మొదట్లో రెడ్డెమ్మ వచ్చింది. పలమనేరు పక్క పల్లె. వయసు యాభై ఆరో యాభై ఏడో ఆమెకే సరిగా తెలీదు. భర్త చెంగల్రాయప్ప. ఇద్దరికీ మూడు సీమావులు, అంటే సంకరజాతి పాడావులు, ఒక ఎకరా పశుగ్రాసం, అదే జీవనం. పాలు పిండేది రెడ్డెమ్మ, గడ్డి కోసేదీ క్యాన్ పాలకేంద్రానికి మోసేదీ ఆయన. ఛాతీనొప్పి వస్తే చిత్తూరులో చూపించుకుని అక్కడివాళ్లు రాసిచ్చిన చీటీతో మా దగ్గరికి వచ్చారు. శుక్రవారం పొద్దున కుడి మణికట్టు గుండా స్టెంటు వేశారు. మధ్యాహ్నం నేను వార్డుకి వెళ్లేసరికి ఆమె చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొదట అడిగిన మాట ఇదీ.

"మేడమ్మా, పాలు ఎప్పుడు పిండొచ్చు? మా తెల్లావు నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనీదు."

ఇంకా పట్టీ తియ్యలేదు కదా, రేపు వచ్చి అన్నీ చెబుతాను, ఈరోజుకి చెయ్యి కదిలించొద్దు అన్నాను. కాగితం చెంగల్రాయప్ప చేతిలో పెట్టాను. ఆయన ఐదో తరగతి వరకూ చదివినవాడు. అక్కడే నిలబడి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నేను రాలేదు. చిత్తూరులో మా ఆడపడుచు కూతురి పెళ్లి ఉంటే ముందే సెలవు పెట్టుకున్నాను. ఆ సంగతి రెడ్డెమ్మతో "రేపు" అన్నప్పుడు నాకు గుర్తులేదు. జూనియరు ఒకమ్మాయి ఆ రోజు వార్డుకి వెళ్లేసరికే వాళ్లని డిశ్చార్జి చేసేశారు.

ఐదు వారాల తర్వాత రివ్యూకి వచ్చారు. కార్డియాలజీ ఓపీ నుంచి నాకు ఫోను వచ్చింది, గుండె బాగుంది గానీ ఒకసారి చెయ్యి చూడండి అని. వెళ్లి చూస్తే రెడ్డెమ్మ కుడిచేతికి మోచేయి నుంచి వేళ్ల కొసల దాకా తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు విప్పితే లోపల నున్నగా చెక్కిన వెదురు బద్దలు రెండు. బద్దలకీ చర్మానికీ మధ్య ఉతికిన పాతచీర మెత్తగా మడిచి పెట్టి ఉంది. కట్టు ఎవరు కట్టారో గానీ, చర్మం ఎక్కడా కందలేదు. ఎముకల వార్డులో అంత శుభ్రంగా కట్టిన కట్టు నేను అరుదుగా చూశాను.

చెయ్యి మాత్రం అలా లేదు. వేళ్లు వాచి, నున్నగా మెరుస్తున్నాయి. పిడికిలి బిగించమంటే వేళ్లు సగం కూడా వంగలేదు. చిటికెనవేలూ ఉంగరపువేలూ అసలు కదల్లేదు. మణికట్టు చెక్కలాగా ఉంది. మొదట నాళం మూసుకుపోయిందేమోనని భయపడ్డాను. మణికట్టు దగ్గర చేతిలోకి రక్తం తెచ్చే నాళాలు రెండుంటాయి. రెండింటినీ వేళ్లతో నొక్కి పట్టి, అరచెయ్యి పాలిపోయాక ఒక్కొక్కటే వదిలి రంగు తిరిగొస్తుందో లేదో చూస్తాం. రెండుసార్లూ వచ్చింది. నాడి కూడా చక్కగా కొట్టుకుంటోంది. ప్రొఫెసరుగారు వచ్చి పరికరంతో రక్తప్రసారం చూసి, నాళానికి ఏమీ కాలేదు, ఇది కదలిక లేక బిగుసుకున్న చెయ్యి, ఇక మీ పని అని వెళ్లిపోయారు.

ఏం జరిగిందని అడిగితే చెంగల్రాయప్ప జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగితే వెనకనుంచి అన్నం మెతుకులతో అతికించుకున్నాడు.

"మీరు రాసిచ్చినట్టే చేసినాము మేడం. వంచకూడదని రాసుండారు, వంచనీలేదు. కదిలీకూడదని రాసుండారు, కదిలీలేదు. ఈయమ్మ మాట వినదని బద్దలు గూడా నేనే కట్టినాను."

ఆమె ఊరుకోలేదు. "అన్నం గూడా ఈయప్పే పెట్టినాడు మేడమ్మా. తలదువ్వి జడేసినాడు. ఊర్లో ఆడోళ్లంతా కిటికీకాడ నిలబడుకోని సూసినారు. ఏళ్లు నొప్పి పుడతా ఉండాయి, ఒక్కసారి కదిలిస్తానప్పా అంటే, కాగితం తెచ్చి చదివి వినిపిచ్చేది."

మరి ఆవుల సంగతేమిటని అడిగాను. మూడూ ఆయనే పిండుతున్నాడట. తెల్లావు మొదటివారం రెండుసార్లు తన్నింది. మోకాలి మీద మచ్చ చూపించాడు. ఇప్పుడు తన్నడం మానింది గానీ పాలు సగానికి పడిపోయాయట. ఆవు సరిగా చేపడం లేదన్నాడు. పొదుగులోకి పాలు దిగడాన్ని వాళ్లు చేపడం అంటారు.

నేను వాళ్లని కూర్చోమని మా విభాగాధిపతి దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే, నాకు గురువు కూడా. అంతా విని, కేస్ షీటులో "రోగి సూచనలు పాటించలేదు" అని రాసేయమ్మా, రేపు ఎవరైనా అడిగినా ఇబ్బంది ఉండదు అన్నారు. అలా రాయడం మాకు కొత్త కాదు. చాలాసార్లు నిజం కూడా. పెన్ను మూత తీశాను. ఆ విభాగానికి వచ్చి మూడు నెలలే అయింది. తప్పు నాదని నా చేతితో నేనే రాసుకుంటే ప్రొఫెసరుగారు ఏమనుకుంటారో, సర్వీసు రికార్డులోకి పోతుందేమో అన్న భయం లేదని చెప్పను. కానీ ఆ కాగితాన్ని అంత నిష్ఠగా పాటించినవాళ్లు నా ఉద్యోగంలో ఇంకొకరు లేరు. చివరికి ఇలా రాశాను. రోగి, ఆమె భర్త రాతపూర్వక సూచనలను పూర్తిగా పాటించారు. సూచనల్లో గడువు లేదు. వ్యాయామం నేర్పలేదు. కింద సంతకం చేశాను. విభాగాధిపతి చదివి, కళ్లజోడు తీసి నావైపు చూసి, పక్కన తానూ సంతకం పెట్టారు.

తిరిగొచ్చి వాళ్లిద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. కదిలించకూడదన్నది ఒక్కరోజుకేననీ, ఆ మాట కాగితంలో రాయనిది నేననీ, మర్నాడు వస్తానని రానిదీ నేనేననీ చెప్పాను. రెడ్డెమ్మ తల ఊపింది. చెంగల్రాయప్ప మాత్రం మొగం తిప్పుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"అంటే బద్దలు కట్టి నేనే చెడిపినానా మేడం?"

మీరు కట్టలేదు, నేను కట్టించాను అన్నాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు. రెడ్డెమ్మ ఎడమచేత్తో ఆయన భుజం మీద ఒకటి వేసి, "గమ్మునుండప్పా. సెయ్యి యాడికీ పోలేదు, ఈడనే ఉండాది కదా," అంది.

ఆరోజే మొదలుపెట్టాం. ముందు గోరువెచ్చని మైనంలో చెయ్యి ముంచి తీయడం, తర్వాత వేళ్ల కొసల నుంచి మోచేతి వైపు వాపుని మెల్లగా తోయడం, ఆ తర్వాత ఒక్కొక్క కీలూ నొప్పి మొదలయ్యే చోటుదాకా వంచి కాసేపు ఆపడం. ఎంత వంగుతోందో గోనియోమీటరు అనే రెండు చేతుల స్కేలుతో కొలిచి రాసుకునేదాన్ని. పట్టు బలం చూడటానికి మా దగ్గర ప్రత్యేకమైన పరికరం లేదు. బీపీ పట్టీని చుట్టగా చుట్టి, కొంచెం గాలి నింపి, నొక్కమనేవాళ్లం. గాజుగొట్టంలో పాదరసం ఎంత పైకి లేస్తే అంత పట్టు. మొదటిరోజు రెడ్డెమ్మ పళ్లు బిగించి నొక్కితే పాదరసం కొంచెం వణికి అక్కడే ఆగిపోయింది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎడమచేత్తో నొక్కమంటే గొట్టం సగం దాటి లేచింది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

కొత్త కాగితం రాసిచ్చాను. ఏ కసరత్తు, ఎన్నిసార్లు, రోజుకి ఎన్ని పూటలు, ఏ తేదీ దాకా అన్నీ రాశాను. వారానికొకసారి మొదటి బస్సు పట్టుకుని మొగిలి ఘాటు దిగి, చిత్తూరులో మారి, పదిన్నరకల్లా నా గది ముందు ఉండేవారు. ఆవుల్ని ఆ పూటకి పక్కింటివాళ్లకి అప్పగించి వచ్చేవారు. కాగితం విషయంలో చెంగల్రాయప్ప ఏమీ మారలేదు. పదిసార్లు అంటే పదిసార్లే. ఆమె తొమ్మిది చేసి అయిపోయిందంటే ఒప్పుకునేవాడు కాదు. మునుపు కదిలించనీయనివాడు ఇప్పుడు ఊరుకోనీయడం లేదని ఆమె ఫిర్యాదు.

"ఈయప్ప పక్కన కూసోని ఎంచతా ఉంటే నాకు ఊపిరాడ్లేదు మేడమ్మా. కాగితం నాకియ్యి, నేనే చదూకుంటా." ఆమెకి చదువు రాదు. అన్నాక తనే నవ్వింది.

మూడు వారాలకి వాపు తీసింది. మణికట్టు వంగింది. కానీ పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. చివరి రెండువేళ్లూ అరచేతిని తాకడం లేదు. ఆ దశలో మేం మెత్తని స్పాంజి బంతి ఇచ్చి పిసకమంటాం. రెడ్డెమ్మకి ఆ బంతి అంటే అసహ్యం. చంటిబిడ్డలాగా బంతి పట్టుకుని కూర్చుంటే సిగ్గుగా ఉందనేది. ఇంట్లో చేస్తోందా అంటే భర్త చేస్తోందంటాడు, పాదరసం మాత్రం కిందటివారం ఎక్కడుందో అక్కడే ఉండేది. నాలుగో వారం కూడా అంతే. బిగుసుకున్న కీళ్లకి కొంతకాలం దాటితే ఎంత చేసినా తిరిగిరాదు. ఆ కాలం దగ్గరపడుతోందని నాకు తెలుసు, వాళ్లకి చెప్పలేదు. ఆరోజు మాత్రం ఆమే అడిగింది. "ఇంక ఇంతేనా మేడమ్మా? ఇంతే అయితే చెప్పేయి. ఆవుల్ని అమ్ముకుంటాము. ఈయప్పకి రెండు పూటలా మూడావులంటే చాతకాదు." గొంతులో ఏడుపేమీ లేదు. సంత రోజు ఎప్పుడో అడిగినట్టు అడిగింది.

పాలు ఎలా పిండుతారో చూపించమన్నాను. నేను పట్నంలో పెరిగినదాన్ని, పాలు పాకెట్లో చూసినదాన్ని. నా ఎడమచేతి రెండువేళ్లు కలిపి ఆమె ముందు పెట్టాను. ఆమె ఎడమచేత్తోనే పట్టుకుని చూపించింది. ముందు బొటనవేలూ చూపుడువేలూ పైన ఉంగరంలాగా బిగించాలి, పాలు వెనక్కి పోకుండా. తర్వాత నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు వరసగా ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవాలి. లాగకూడదు. లాగితే ఆవుకి నొప్పి. చివరి రెండువేళ్లకి నేను కోరుకుంటున్న కదలిక సరిగ్గా అదే. ఏ పుస్తకంలోనూ అంత వరసగా చెప్పగా నేను చదవలేదు. ముప్పైఅయిదేళ్లుగా రోజుకి రెండుపూటలా ఆమె చేస్తున్నది అదే.

స్టాఫ్ నర్సునడిగి ఒక రబ్బరు గ్లౌజు తెప్పించాను. నీళ్లు నింపి మూతి కట్టి, సెలైన్ స్టాండుకి వేలాడదీసి, వేళ్ల కొసల్లో సూదితో సన్నగా పొడిచాను. కింద ఒక బేసిను పెట్టాను. రెడ్డెమ్మ ఎగాదిగా చూసి, ఇది చేపదు అంది. కుడిచెయ్యి ఒళ్లోంచి తీయలేదు. నేను చెప్పినా తీయలేదు. మా అందరి ముందూ చాతకాకపోతే అన్న భయం ఆమె కళ్లలో కనబడింది.

అప్పుడు చెంగల్రాయప్పని పిలిచి, మీరు రోజూ పిండుతున్నారు కదా, ఒకసారి చూపించండి అన్నాను. ఆయన స్టూలు మీద బుద్ధిగా కూర్చుని, రబ్బరు వేలిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కిందికి బర్రున లాగాడు. గ్లౌజు ఊగింది, నీళ్లు బేసినులో కాకుండా ఆయన పంచె మీద పడ్డాయి. మళ్లీ లాగాడు. రెడ్డెమ్మ చూస్తోంది.

"నువ్వు దినమూ ఇట్లనే లాగతా ఉండావా?"

"ఇట్లనే కదా మే లాగేది."

"అయ్యో నా తెల్లావా. తన్నక ఏం జేస్తాది?" అంటూ లేచి, ఆయన్ని భుజంతో పక్కకి నెట్టి, స్టూలు మీద కూర్చుని గ్లౌజుని పట్టుకుంది. రెండు చేతులతోనూ. ఉంగరం బిగించి, "ఈడ పట్టుకోవాల. లాగకూడదు. ఇట్ల, ఇట్ల, ఇట్ల," అని ఒక్కొక్క వేలూ మూస్తూ చూపించింది. ఎడమచేతి కిందనుంచి నీళ్లు సన్నని ధారలా బేసినులో పడ్డాయి. కుడిచేతి కింద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఆమె ఆయన్ని తిట్టడంలో మునిగిపోయి అది గమనించలేదు. నేను చిటికెనవేలినే చూస్తున్నాను. అది వణుకుతూ లోపలికి వంగుతోంది. చెంగల్రాయప్ప కూడా దాన్నే చూస్తున్నాడు. తడిసిన పంచెతో నిలబడి, అట్లనా, ఇంగోసారి చూపీ, నాకు అర్థం కాలేదు అని పదేపదే అడిగాడు. ఆయనకి మొదటిసారే అర్థమైందని నా నమ్మకం.

ఆరోజు బంతి వెనక్కి తీసుకుని అరడజను గ్లౌజులు ఇచ్చి పంపాను. కాగితంలో "రోజుకి మూడుసార్లు, పదేసి నిమిషాలు, భర్తకి పాలు పిండడం నేర్పాలి" అని రాశాను. కేస్ షీటులోనూ అదే రాశాను. మా విభాగాధిపతి ఆ వాక్యం చదివి, ఇది ఏ పాఠ్యపుస్తకంలోది అని అడిగారు. పలమనేరుది అన్నాను.

తర్వాతి వారం పాదరసం కదిలింది. ఆ తర్వాత ప్రతివారం కొంచెం కొంచెంగా లేచింది. పదో వారానికి రెడ్డెమ్మ ఇంట్లో చిన్నావుని పిండింది. తెల్లావు దగ్గరికి ఇంకో పదిరోజులు పోలేదట, అది సగంలో వదిలితే ఒప్పుకోదని. పన్నెండో వారంతో రావడం మానిపించాను. ఉంగరపువేలు పూర్తిగా వచ్చింది. చిటికెనవేలు మాత్రం కొద్దిగా వంగకుండా మిగిలింది. అది ఇక రాదని అప్పుడు చెప్పాను. ఆ వేలితో పనేముందిలే అంది ఆమె. ఉంది. ఆమెకీ తెలుసు.

మరుసటి ఏడు మార్చిలో బెంగళూరు నుంచి బస్సులో వస్తూ పలమనేరులో దిగి వాళ్ల పల్లెకి వెళ్లాను. సాయంత్రం పాలవేళ. తెల్లావు దగ్గర రెడ్డెమ్మ కూర్చుని ఉంది. పాలు బొక్కెనలో నురుగుతో పడుతున్నాయి. సగానికొచ్చాక చెయ్యి అలసి లేచింది. చెంగల్రాయప్ప ఆమె లేచిన పీట మీద కూర్చుని మిగతా సగం పిండాడు. లాగలేదు, వేళ్లు వరసగా మూసుకుంటున్నాయి. ఆవు ఊరకనే గడ్డి నములుతూ నిలబడింది. ఇప్పుడు రోజూ ఇంతేనట. మొత్తం ఆమె ఒక్కతే పిండలేదు. మునుపు గడ్డికోతకి పోయే ఆ వేళలో ఆయన ఇప్పుడు పాకలోనే ఉంటాడు. నష్టమేం లేదు మేడమ్మా, ఆవుకి ఇద్దరమూ పడతాము అంది రెడ్డెమ్మ. నాకు లోటాడు పాలు కాచి ఇచ్చి, చక్కెర సరిపోయిందా అని రెండుసార్లు అడిగింది.

ఆ తర్వాత పదిహేనేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి రెండు. రోగికి ఒక పని వద్దని రాసినప్పుడు, ఎప్పటివరకు వద్దో అదే వాక్యంలో రాయాలి. లేకపోతే సూచన పూర్తికానట్టే. పాటించని రోగి కాగితంలోని తప్పు నుంచి తప్పించుకోవచ్చు, పాటించే రోగికి ఆ అవకాశం ఉండదు. రెండోది, ఇంట్లో కాగితం చదివేది ఎవరో కనుక్కుని, ఆ మనిషి చేత పైకి చదివించి, ఏం అర్థమైందో చెప్పించుకున్న తర్వాతే డిశ్చార్జి మీద సంతకం పెట్టాలి. దానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నా జూనియర్లందరి చేతా ఆ నాలుగు నిమిషాలూ పెట్టించాను.